పాఠకుల ప్రశ్నలు: గిటార్ ఫ్రెట్‌బోర్డుకు ఇంట్లోనే వంపు తీయడం

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకులవే ఎక్కువ. అవన్నీ ఇంచుమించు ఒకే పనిని గురించి అడుగుతున్నవి కావడం విశేషం. సొంతంగా గిటార్ తయారుచేసుకుంటున్న వారు మెడ వరకు బాగానే నెట్టుకొచ్చి, ఫ్రెట్‌బోర్డుకు, అంటే మెడ మీద అతికే, వేళ్లతో తీగలను అదిమే పలకకు, అడ్డంగా వంపు తీయవలసిన చోట ఆగిపోతున్నారు. అందువల్ల శీర్షికను ఈ ఒక్క విషయానికే కేటాయించి, ఉత్తరాలను కొంత కుదించి ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: పాత పట్టెమంచం పట్టె నుంచి కోత మిల్లులో కోయించిన జిట్రేగి పలక నా దగ్గర ఉంది. మందం రెండు నూళ్లు, అంటే పావు అంగుళం. దానిని ఎలక్ట్రిక్ గిటార్‌కు వాడాలనుకుంటున్నాను. రేడియస్ 7.25 పెట్టమని ఒకరు, 12 పెట్టమని మరొకరు, 16 అయితే మేలని ఇంకొకరు చెబుతున్నారు. ఈ అంకెలకు అర్థమేమిటి? ఇంత పలచని చెక్కలో వంపు తీస్తే అంచులు మరీ అరిగిపోవా?
— పాఠకుడు, రాయగడ

జవాబు: ఆ అంకె అంగుళాలలో చెప్పే వ్యాసార్ధం. 12 అంగుళాల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీసి, దాని అంచులో మీ పలక వెడల్పంత మేరకు మాత్రమే తీసుకుంటే వచ్చే విల్లు ఆకారమే పలకకు అడ్డంగా ఉండవలసిన వంపు. కాబట్టి అంకె చిన్నదైన కొద్దీ వంపు ఎక్కువవుతుంది, పెద్దదైన కొద్దీ పలక చదునుకు దగ్గరవుతుంది. 1950ల నాటి ఫెండర్ గిటార్లకు 7.25, ఆ కంపెనీ ఇప్పటి గిటార్లలో చాలావాటికి 9.5, గిబ్సన్ ఎలక్ట్రిక్ గిటార్లకు 12, మార్టిన్ అకూస్టిక్ గిటార్లకు 16 అంగుళాలు వాడుకలో ఉన్న కొలతలు.

చెక్క ఎంత పోతుందో లెక్క వేయడం తేలిక. పలక వెడల్పును దానితోనే గుణించి, వచ్చిన దానిని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే, నడుమకన్నా అంచు ఎంత దిగాలో తెలుస్తుంది. నట్ దగ్గర, అంటే మెడ తల వైపు తీగలు ఆనే చిన్న దిమ్మె దగ్గర, వెడల్పు 43 మి.మీ., రెండవ చివర 56 మి.మీ. అనుకోండి. 12 అంగుళాలంటే 305 మి.మీ. కనుక, నట్ దగ్గర అంచు 0.76 మి.మీ., రెండవ చివర 1.29 మి.మీ. దిగుతుంది. అదే పలకకు 7.25 పెడితే ఈ కొలతలు 1.26, 2.13 మి.మీ. అవుతాయి, 16 పెడితే 0.57, 0.97 మాత్రమే. మీ పలక మందం 6.35 మి.మీ. కాబట్టి 12 అంగుళాల వంపు తీసినా అంచున అయిదు మి.మీ.కు పైగా చెక్క మిగులుతుంది. ఆ భయం అక్కర్లేదు.

ఎంపిక విషయానికి వస్తే, మొదటిసారి చేస్తున్న ఎలక్ట్రిక్ గిటార్‌కు 12 అంగుళాలే తగినదని నా అభిప్రాయం. వంపు మరీ ఎక్కువైతే, సన్నని తీగను పక్కకు లాగి స్వరం పెంచేటప్పుడు అది పలక నడుమ ఉన్న ఎత్తు మీదికి వచ్చి, ముందున్న ఫ్రెట్లకు (పలక మీద అడ్డంగా దిగేసిన లోహపు మెట్లకు) తగిలి నాదం మధ్యలోనే తెగిపోతుంది. తీగలను కిందికి దించి వాయించుకునేవారికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మరీ చదునైతే, చూపుడు వేలితో ఆరు తీగలనూ ఒకేసారి అదిమే బారె కార్డులు కొందరి చేతికి బరువనిపిస్తాయి. పైగా ట్యూనొమాటిక్ తరహా బ్రిడ్జి (గిటార్ శరీరం మీద తీగల రెండవ కొస ఆనే భాగం) మీ గిటార్‌కు పెట్టబోతుంటే, ఆ బ్రిడ్జికి సాధారణంగా 12 అంగుళాల వంపే ఉంటుంది. ఫెండర్ తరహాలో ప్రతి తీగకూ విడి సాడిల్, అంటే తీగ ఆనే ముక్క, ఉన్న బ్రిడ్జి అయితే దానిని ఏ వంపుకైనా సరిచేసుకోవచ్చు.

అయితే ఈ అంకె గురించి పాఠకులు పడుతున్న మథనం దాని ప్రాముఖ్యానికి మించి ఉన్నది. మీరు 12 అనుకుని చేసినది 11.5 అయిందనుకుందాం. నట్ దగ్గర అంచులో వచ్చే తేడా 0.03 మి.మీ.; అది ఏ చేతికీ తెలియదు. అదే, పలక పొడవునా తీగ దారి వెంట ఎక్కడైనా 0.2 మి.మీ. మిట్ట ఉంటే ఆ మిట్టకు వెనుక వాయించిన ప్రతి స్వరమూ గరగరమంటుంది. అడ్డంగా ఎంత వంగిందన్న దానికన్నా నిలువునా ఎంత తిన్నగా ఉన్నదన్నదే ఈ పనిలో ముఖ్యం. తక్కిన జవాబులలో కూడా ఈ మాటే మళ్లీ మళ్లీ వస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారి వీణ బొబ్బిలి నుంచి తెచ్చినది. దాని మెట్లు అడ్డంగా తిన్నగానే ఉన్నాయి. గిటార్‌కు మాత్రం వంపు ఎందుకు? చదునుగా వదిలేస్తే నష్టమేమిటి?
— పాఠకురాలు, గుణుపురం

జవాబు: మీరు చేస్తున్నది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయితే ఏ నష్టమూ లేదు; ఆ గిటార్ల పలక చదునుగా ఉండడమే సంప్రదాయం, కాబట్టి ఈ శీర్షికలోని మిగిలిన భాగంతో మీకు పని లేదు. ఉక్కు తీగల గిటార్ అయితే వంపు ఉండడం మేలు. ఆరు తీగలనూ ఒక వేలు అడ్డంగా అదమవలసి వచ్చినప్పుడు, నడుమ కొద్దిగా లేచిన పలక మీద వేలు సహజంగా ఆనుతుంది.

వీణ వ్యవహారం వేరు. అందులో గమకం కోసం తీగను ఒకే మెట్టు మీద పక్కకు బాగా లాగి, రెండు మూడు స్వరాల ఎత్తు వరకు కూడా తీసుకుపోతారు. అంత దూరం జరిగే తీగకు తిన్నని మెట్టే అనువు. ఇంకొక తేడా కూడా ఉంది. వీణలో 24 మెట్లనూ మైనపు మిశ్రమం మీద అతుకుతారు కనుక, ఎత్తు తేడా వస్తే మైనాన్ని వేడి చేసి మెట్టును మళ్లీ సరిచేయవచ్చు. గిటార్ ఫ్రెట్ చెక్కలోని గాడిలోకి దిగి కూర్చుంటుంది. దాని ఎత్తును నిర్ణయించేది కింద ఉన్న చెక్కే. గిటార్ చేసేవారు ఫ్రెట్లు వేయక ముందే పలక మీద ఇంత శ్రమ పడడానికి కారణం ఇదే.

ప్రశ్న: ఉప్పుకాగితం అతికించి పలకకు వంపు రుద్దే లోవంపు దిమ్మె, అదే రేడియస్ బ్లాకు, మా వైపు దొరకదు. తెప్పించుకుందామంటే, ఒకే ఒక్క గిటార్ కోసం అంత ఖర్చు దండగ అనిపిస్తున్నది. రౌటర్ కూడా లేదు. మా మేస్త్రీగారి తోపడా, ఉప్పుకాగితం, కొలబద్ద, ఒక డిజిటల్ వెర్నియర్ మాత్రం ఉన్నాయి. వీటితో 12 అంగుళాల వంపు తీయడం సాధ్యమేనా? గాడులు ముందు కోయాలా, తరువాత కోయాలా?
— పాఠకుడు, జయపురం

జవాబు: సాధ్యమే. తోపడా బాగా సాన పట్టి ఉంటే, మొత్తం పనిని బ్లాకుతో రుద్ది సాధించేవారికన్నా మీ పలకే తిన్నగా వచ్చే అవకాశం ఎక్కువ.

ముందుగా వరుస. పలక రెండు ముఖాలూ చదునుగా, అంచులు సమాంతరంగా ఉన్నప్పుడే మూలమట్టం ఆనించి ఫ్రెట్ గాడులు కోయండి. వంపు తీశాక మూలమట్టం నిలవదు. తరువాత అంచులను ఏటవాలుగా కోసి 43, 56 మి.మీ. వెడల్పులకు తెచ్చుకోండి. వంపు ఆ తరువాతే. ముత్యపు చిప్ప చుక్కలు పొదగదలిస్తే వంపు తీశాక పొదిగి, పైకి లేచిన మేరకు రుద్దేస్తే సరిపోతుంది, 6 మి.మీ. చుక్క వెడల్పులో ఈ వంపు లెక్కకు వచ్చేది కాదు.

పలకను వంగని దాని మీద బిగించడం అవసరం. వంటింటి గట్టుకు వేయగా మిగిలిన గ్రానైట్ ముక్క దీనికి చక్కగా సరిపోతుంది. దాని మీద పలకను రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించండి. టేపు మడతపడితే ఆ మడత ఎత్తు అంతా రేపు పలక మీద గుంటగా తేలుతుంది కనుక, అతికించిన తరువాత కొలబద్ద పెట్టి చూసుకోండి.

ఇప్పుడు గీతలు. పలక పై ముఖాన పొడవునా నట్టనడుమ ఒక పెన్సిల్ గీత గీయండి. ఆ నడిమి గీతకూ అంచుకూ మధ్య సరిగ్గా సగం దూరంలో, రెండు వైపులా ఒక్కొక్క గీత గీయండి; నట్ దగ్గర అది అంచు నుంచి 10.75 మి.మీ., రెండవ చివర 14 మి.మీ. దూరంలో ఉంటుంది. తరువాత పలక పక్క ముఖాల మీద, పై అంచు నుంచి కిందికి నట్ దగ్గర 0.76 మి.మీ., రెండవ చివర 1.29 మి.మీ. గుర్తులు పెట్టండి. పెన్సిల్ మొన మందం ఈ కొలతలకు పనికిరాదు. వెర్నియర్‌ను ఆ కొలతకు బిగించి, దాని మొనతోనే చెక్క మీద గీరి, ఆ గీరలో చాకు కొన నడిపిస్తే సన్నని తెల్లగీత పడుతుంది. రెండు గుర్తులనూ తిన్నగా కలపండి. నిక్కచ్చిగా లెక్క వేస్తే ఈ గీత నడుమ అతి కొద్దిగా వంగాలి, కానీ ఆ తేడా 0.02 మి.మీ. కన్నా తక్కువ కాబట్టి వదిలేయవచ్చు.

ఇక చిత్రిక పట్టడం. సగం దూరంలో గీసిన గీత నుంచి పక్క ముఖాన ఉన్న గీత వరకు, ఒక ఏటవాలు చదునును రెండు వైపులా తీయండి. ఇక్కడ రేఖాగణితం మనకు అనుకూలంగా ఉంది: ఈ చదును, రాబోయే వంపును సరిగ్గా అంచు దగ్గర మాత్రమే తాకుతుంది, ఎక్కడా దాని కిందికి పోదు. అందువల్ల గీతలు దాటనంత వరకు ఎంత ధైర్యంగా తోసినా చెక్క ఎక్కువ పోయే ప్రమాదం లేదు. ఈ దశ ముగిసేసరికి, సగం గీత దగ్గర ఒక మొన తేలుతుంది. అది వంపుకన్నా నట్ దగ్గర 0.19 మి.మీ., రెండవ చివర 0.32 మి.మీ. ఎత్తు ఉంటుంది. ఆ మొనను ఇంకొక సన్నని చదునుగా కొట్టండి. అది నడిమి గీతకూ సగం గీతకూ మధ్యలో మొదలై, సగం గీతకూ అంచుకూ మధ్యలో ముగియాలి. దానితో వంపుకూ మీ చెక్కకూ మధ్య తేడా ఎక్కడా 0.1 మి.మీ. ఉండదు. నోటుపుస్తకం కాగితం మందం దాదాపు అంతే. నడిమి పెన్సిల్ గీతను మాత్రం తోపడా తాకకూడదు. అది చెరిగిపోతే పలక మందం ఎంత తగ్గిందో చెప్పే గుర్తే ఉండదు.

జిట్రేగిలో నార ఒకే దిక్కుకు పోదు. ఒక చార ఇటు, పక్క చార అటు పోతుంది. కాబట్టి తోపడా బ్లేడు వెంట్రుకవాసి మాత్రమే బయటికి ఉండాలి. చెక్క చిట్లుతున్నదనిపిస్తే పలకను తిప్పి రెండవ దిక్కు నుంచి తోయండి. అప్పటికీ చిట్లితే తోపడా పక్కన పెట్టి గీకుడు రేకుతో గీకండి. మన వడ్రంగులు గాజు పెంకుతో గీకడం ఆనవాయితీగా వస్తున్నదే గాని, దాని అంచు ఒక గిటారుకు కావలసినంత తిన్నగా ఉండదు. ఉక్కు రేకు నయం.

బ్లాకు మాటకు వద్దాం. చివరి మెరుగు కోసం అది కావలసిందే, కానీ కొననక్కర్లేదు. ఒక సన్నని బద్దకు ఒక కొసన మేకు, 305 మి.మీ. దూరంలో పెన్సిల్ పట్టేంత రంధ్రం పెడితే అదే మీ కంపాసు. దానితో పలచని అల్యూమినియం రేకు మీద విల్లు గీసి, కత్తిరించి, ఆకురాయితో నునుపు చేసి అచ్చు తయారుచేసుకోండి. 60 మి.మీ. వెడల్పున లోవంపు అచ్చు మీద స్కేలు ఆనిస్తే నడుమ దాదాపు ఒకటిన్నర మి.మీ. సందు కనిపించాలి. తరువాత 60 మి.మీ. వెడల్పు, 300 మి.మీ. పొడవు ఉన్న ఎండిన టేకు దిమ్మె మీద, పైన చెప్పిన చదునుల పద్ధతిలోనే వంపు తీసి, అచ్చుతో సరిచూడండి. ఇది అసలు పలకకు ముందు మీకు సాధనగా కూడా ఉపయోగపడుతుంది. ఆ దిమ్మె మీద 80 నంబరు ఉప్పుకాగితం అతికించి, అలాంటిదే ఇంకొక దిమ్మెను దాని మీద పొడవునా రుద్దండి. మధ్యమధ్య దిమ్మెను తల కిందులుగా కాక, కొస మార్చి తిప్పుతూ ఉంటే కొంతసేపటికి దానికి సరిగ్గా సరిపోయే లోవంపు వస్తుంది. అదే మీ రేడియస్ బ్లాకు. కాగితం మందం కలిస్తే కొలత మారుతుందేమోనని కొందరు అడుగుతారు. 305 మి.మీ.లో ఒక మి.మీ. తేడా వచ్చినా అంచులో కనిపించేది మిల్లీమీటరులో వెయ్యోవంతులే.

ఇక పలక మీద అడ్డదిడ్డంగా పెన్సిల్ గీతలు గీసి, బ్లాకుకు 120 నంబరు కాగితం అతికించి, పొడవునా రుద్దండి. గీతలన్నీ ఒకేసారి చెరగడం మొదలైతే పలక సిద్ధమవుతున్నట్టు. ఎక్కడైనా గీతలు మొండిగా మిగిలితే అక్కడ గుంట ఉన్నట్టు. తరువాత 180, 240, 320, 400 నంబర్లు వరుసగా వాడండి. ఒక్కొక్కటి కొద్దిసేపు చాలు.

ప్రశ్న: నేను 200 మి.మీ. పొడవు గల బ్లాకు కొని, మొదటి నుంచి చివరి వరకు దానితోనే రుద్దాను. అడ్డంగా వంపు అచ్చుకు సరిగ్గా సరిపోయింది. కానీ పొడవునా కొలబద్ద పెట్టి వెనుక నుంచి టార్చి వేస్తే, రెండు చివరలా వెలుతురు కనిపిస్తున్నది; నడుమ ఎత్తుగా ఉంది. పలక పారవేయవలసిందేనా?
— పాఠకుడు, బరంపురం

జవాబు: పారవేయనక్కర్లేదు. పొట్టి బ్లాకుతో మొత్తం చెక్క తీసేవారికి తరచు ఎదురయ్యేది ఇదే. బ్లాకు ప్రతిసారీ పలక కొస దాటి బయటికి పోతుంటే, సగానికి పైగా గాలిలో ఉన్న బ్లాకు ముందుకు వాలి కొసను కొరుకుతుంది. చేతి బరువు ఆ వాలును ఇంకా పెంచుతుంది. అదీకాక 200 మి.మీ. బ్లాకుకు 470 మి.మీ. పలకలోని మిట్టను గుర్తించే శక్తి లేదు. మిట్ట మీద మిట్టలాగే, పల్లం మీద పల్లంలాగే నడుస్తుంది.

ముందు తేడా ఎంతో కొలవండి. కొలబద్ద కిందికి కాగితపు చీలికలు ఎన్ని దూరుతాయో చూస్తే సరి. ఒక్కొక్కటి సుమారు 0.1 మి.మీ. మెడ శరీరంతో కలిసే వైపున, 14వ ఫ్రెట్ దాటిన తరువాత ఒక చీలిక మందం దిగి ఉంటే దానిని అలాగే వదిలేయండి. కొందరు నిపుణులు అక్కడ కావాలనే కొద్దిగా దించుతారు. నట్ వైపు మాత్రం ఊరుకోకూడదు. మొదటి ఫ్రెట్ తన ముందున్నవాటికన్నా కిందికి ఉంటే, అక్కడ అదిమిన తీగ రెండవ, మూడవ ఫ్రెట్లకు తగిలి మోగుతుంది.

సరిచేయడానికి రేడియస్ బ్లాకును కాసేపు పక్కన పెట్టండి. కిటికీలు బిగించే అల్యూమినియం దుకాణంలో నాలుగు పలకల గొట్టం ముక్క, పలకకన్నా కొద్దిగా పొడవైనది, ఏరి తెచ్చుకోండి; గాజు మీద పెట్టి తిన్నగా ఉన్నదో లేదో చూసి మరీ తీసుకోండి. దాని ఒక ముఖానికి 120 నంబరు కాగితం అతికించి, ఆరు తీగలూ పోయే దారుల వెంట, ఒక్కొక్క దారిలో సమానంగా నడపండి. పొడవైన గొట్టం మిట్టను మాత్రమే తాకుతుంది. పెన్సిల్ గీతలు కొస నుంచి కొస వరకు చెరిగే దాకా ఆపకండి. ఆరు దారులూ తిన్నబడిన తరువాత వాటి మధ్య మిగిలే సన్నని మొనలను రేడియస్ బ్లాకుతో నాలుగైదు సార్లు తేలికగా తుడిస్తే చాలు. ఇకమీదట బ్లాకు వాడేటప్పుడు పలకకు రెండు కొసలా అదే ఎత్తు గల పనికిరాని చెక్క ముక్కలు అతికించుకోండి. కొరుకుడు ఏదైనా ఉంటే వాటికే తగులుతుంది.

ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. ఒక ముఖాన మాత్రమే చెక్క తీసినప్పుడు పలక తనంతట తానే వంగుతుంది, వానాకాలంలో మరీను. కాబట్టి వంపు తీసిన పలకను కొద్ది రోజులు చదునైన దాని మీద బరువు పెట్టి ఉంచి, ఆ తరువాతే కొలవండి. మెడకు అతికేటప్పుడు తెల్ల జిగురులోని తడి అడుగు ముఖాన్ని ఉబ్బించి మళ్లీ వంచుతుంది. అందుకే పలచగా రాసి, నిండా క్లాంపులు బిగించి, పూర్తిగా ఆరాక, చివరిసారి రుద్దడం ఆ తరువాతకు వాయిదా వేయడం మంచిది.

ప్రశ్న: నట్ దగ్గర 10, చివర 16 అంటూ మారుతూ పోయే కాంపౌండ్ రేడియస్ గురించి విన్నాను. ఇంట్లో చేయవచ్చా?
— పాఠకుడు, రాయగడ

జవాబు: చేయవచ్చు, కానీ మొదటి గిటార్‌కు నేను సలహా ఇవ్వను. తీగలు నట్ నుంచి బ్రిడ్జి వైపు విచ్చుకుంటూ పోతాయి కనుక, పొడవునా ఒకే వంపు గల పలక మీద అంచు తీగ దారి పూర్తిగా తిన్నగా ఉండదన్నది నిజమే. అయితే 12 అంగుళాల పలక మీద ఆ మిట్ట నట్ నుంచి బ్రిడ్జి వరకు లెక్కించినా సుమారు 0.03 మి.మీ. మాత్రమే. బరంపురం పాఠకునికి చెప్పిన పొడవైన గొట్టంతో తీగ దారుల వెంట రుద్దినప్పుడు ఆ కాస్తా పోతుంది. మీకు తెలియకుండానే పలకకు రవ్వంత కాంపౌండ్ లక్షణం అబ్బుతుంది.

ప్రశ్న: మా కొండల్లో నల్లమద్ది, తుమికి పుష్కలంగా ఉన్నాయి. జిట్రేగి బదులు వీటిని వాడవచ్చా? టేకు ఎలా ఉంటుంది?
— పాఠకుడు, గుణుపురం

జవాబు: నల్లమద్ది నిస్సందేహంగా వాడవచ్చు. ఒడియాలో సహజ్ అనీ అసన అనీ పిలిచే ఈ చెక్కనే గిటార్ కంపెనీలు ఇండియన్ లారెల్ అంటున్నాయి. రోజ్‌వుడ్ జాతులన్నిటినీ (మన జిట్రేగి వాటిలో ఒకటి) అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో చేర్చిన నిబంధన 2017 జనవరి 2న అమలులోకి వచ్చిన తరువాత, స్క్వయర్, ఎపిఫోన్ వంటి బ్రాండ్లు చాలా నమూనాలకు లారెల్ పలకలు వేయడం మొదలుపెట్టాయి. తయారైన వాద్యాలకు 2019 నవంబరులో ఆ నిబంధన నుంచి మినహాయింపు లభించినా లారెల్ మాత్రం నిలిచిపోయింది. మన గుమ్మాల చెక్క అంత దూరం పోయి గిటార్ మెడ ఎక్కి తిరిగి రావడం ముచ్చటైన సంగతే. దీని నార కూడా జిట్రేగిలాగే అటూ ఇటూ పోతుంది, ఎండేటప్పుడు వంగే, పగిలే స్వభావం మాత్రం ఎక్కువ. పచ్చి చెక్క కొనకండి. పాత ద్వారబంధాల నుంచి తీసినది అన్నిటికన్నా మేలు.

తుమికి అంటే బీడీ ఆకు చెట్టే, ఒడియాలో కెందు. అది నల్ల ఎబొనీకి దగ్గరి చుట్టం. దాని చేవ నల్లగా, గట్టిగా ఉంటుంది గాని, గిటార్ పలకకు కావలసినంత పొడవున పగుళ్లు లేని నల్లచేవ దొరకడం కష్టం. టేకు వంగదు, నమ్మకమైనది; కానీ ఫ్రెట్‌బోర్డుకు మెత్తన, వేళ్ల కింద త్వరగా గుంటలు పడుతుంది, పైగా అందులోని సిలికా బ్లేడు పదును తినేస్తుంది. దానిని బ్లాకులకు, అచ్చులకు ఉంచుకోండి. ఏ చెక్క అయినా బిల్లుతోనే కొనండి. జిట్రేగి పొడి కొందరికి దద్దుర్లు, ఉబ్బసం తెప్పిస్తుంది. ముక్కుకు సరైన మాస్కు లేకుండా రుద్దకండి. ముఖానికి చుట్టిన తుండుగుడ్డ దానిని ఆపలేదు.

ప్రశ్న: వంపు బాగా కుదిరింది. కానీ ఫ్రెట్లు కొడుతుంటే నడుమ కూర్చుంటున్నాయి, కొసలు మాత్రం లేస్తున్నాయి. సూపర్ గ్లూ వేసినా మరునాటికి మళ్లీ లేచాయి. ఇంకొక సందేహం: మా ఊరి కొమ్ము పనివారి దగ్గర దొరికే గేదె కొమ్ము ముక్క నట్‌కు పనికివస్తుందా?
— పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీ గాడులు అంచుల దగ్గర లోతు చాలక ఫ్రెట్ కింద ఆనుతున్నది. పలక చదునుగా ఉన్నప్పుడు 2.2 మి.మీ. లోతున కోశారనుకుంటే, వంపు తీశాక చివరి ఫ్రెట్ల దగ్గర అంచున సుమారు 0.9 మి.మీ. మాత్రమే మిగులుతుంది. ఫ్రెట్ నాలుక, అంటే గాడిలోకి దిగే భాగం, దాదాపు 1.6 మి.మీ. ఉంటుంది, అది ఎక్కడికి దిగుతుంది? నాలుక గాడి అడుగుకు తగిలిన తరువాత సుత్తితో ఎంత కొట్టినా, జిగురు ఎంత పోసినా లాభం లేదు.

లేచిన ఫ్రెట్లను తీసేయండి. చెక్క చిట్లకుండా, టంకం వేసే ఇనుముతో ఫ్రెట్‌ను కొద్దిగా వేడి చేసి, ఫ్రెట్ అంచు కిందికి దూరే కటింగ్ ప్లేయరుతో ఒక కొస నుంచి మెల్లగా లేపాలి. వేడిచేసిన సూపర్ గ్లూ పొగ కళ్లకు మంట పుట్టిస్తుంది కనుక కిటికీ తెరిచి కూర్చోండి. తరువాత గాడులను వంపు వెంటే మళ్లీ కోయండి. రంపం బ్లేడుకు పన్ను నుంచి 2 మి.మీ. ఎత్తున ఒక సన్నని బద్దను టేపుతో కట్టి, ఆ బద్ద పలకను తాకే వరకు కోస్తూ, రంపాన్ని నడుమ నుంచి అంచు వైపు వాలుస్తూ పోతే లోతు అంతటా ఒకటిగా వస్తుంది. గాడి వెడల్పు పెరగకూడదు. సాధారణ ఫ్రెట్‌కు 0.58 మి.మీ. చాలు. గాడిలోని పొట్టును బ్రష్‌తో పూర్తిగా తీసేయండి, పాత జిగురు గడ్డలను కూడా.

రెండవ జాగ్రత్త ఫ్రెట్ తీగను, అంటే ఫ్రెట్లు కోసే లోహపు తీగను, వంచడంలో ఉంది. ఫ్రెట్ తీగను పలక వంపు కన్నా కొంచెం ఎక్కువగా, అంటే 12 అంగుళాల పలకకు సుమారు 10 అంగుళాల వంపున, ముందుగానే వంచి ఉంచుకోవాలి. అప్పుడు రెండు కొసలూ ముందు పలకను తాకుతాయి. వాటిని మొదట కొట్టి, ఆ తరువాత నడుమ కొడితే, నడుమ దిగే కొద్దీ కొసలు బయటికి సాగి గాడిలో బిగుసుకుంటాయి.

కొమ్ము పనికివస్తుంది. ఎముక అంత గట్టిది కాదు గాని, బాగా ఆరిన గేదె కొమ్ము నట్‌గా సంవత్సరాల తరబడి నిలుస్తుంది. పొరలు విడని లావాటి ముక్క ఏరి తీసుకోండి. నట్ పైభాగానికి కూడా ఈ పలక వంపే రావాలి కాబట్టి మీరు వాడిన అచ్చును పారవేయకండి. మొదటి ఫ్రెట్ మీద అదే వంపుతో గీతను నట్ ముఖానికి దించుకుని, ఆ గీతకు పైన తీగ మందంలో సగం ఉండేటట్టు ఆకురాయితో అరగదీసి, తీగ గాడులు మాత్రం ఫ్రెట్లన్నీ వేసి సమం చేసిన తరువాతే కోయండి.